తొమ్మిదిముక్కాలు నుంచి ఐదుంబావు వరకు

నేను పారిస్ చూడలేదు. ఆ యోగం లేదని ఎప్పుడో తేల్చుకున్నాను కూడా. కానీ ఆ ఊళ్ళో ఏ మ్యూజియం తలుపులు ఎన్నింటికి తెరుస్తారు, ఏ గోపురం మెట్లు ఎన్నింటి దాకా ఎక్కనిస్తారు, ఏ తోట గేటుకు ఏ కాలంలో ఎన్నింటికి తాళం వేస్తారు అన్నది ఒకప్పుడు నాకు కంఠతా వచ్చు. ఎమ్మిగనూరు హైస్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే మనిషికి ఆ గొడవంతా ఎందుకని మా ఆవిడ చాలాసార్లు దెప్పింది. దెప్పినప్పుడల్లా నవ్వి ఊరుకున్నాను. అసలు సంగతి ఆమెకు ఈనాటికీ చెప్పలేదు.

నాకు చిన్నప్పటి నుంచి టైము పిచ్చి. డెబ్బైల మొదట్లో ఉద్యోగం వచ్చాక అది మరీ ముదిరింది. కాపురం ఆదోనిలో, బడి ఎమ్మిగనూరులో. పొద్దున్నే హోటల్లో ఒక ప్లేటు ఉగ్గాని, రెండు బజ్జీలు తిని బస్టాండులో నిలబడితే, బస్సు ఎప్పుడొస్తుందో దాన్ని నడిపేవాడికి కూడా తెలిసేది కాదు. "వస్తాదిలే సారూ, యాడికి పోతాది" అనేవాడు కంట్రోలరు. ఆ మాటకు నా ఒళ్ళు మండిపోయేది. మా వైపు "పదికి" అంటే పదిన్నర. "పొద్దున" అంటే పన్నెండు లోపల ఎప్పుడైనా. అందుకే నేను బస్టాండులో నిలబడి రైల్వే టైంటేబుల్ పుస్తకం చదువుకునేవాణ్ణి. ఎక్కని రైళ్ళు, దిగని స్టేషన్లు. ఇరవై రెండు నిమిషాలకు రావడం, ఇరవై నాలుగు నిమిషాలకు పోవడం. ఆ అంకెలు చూస్తుంటే ప్రాణానికి హాయిగా ఉండేది.

మా బడి వెనక నేతగాళ్ళ వీధి. మధ్యాహ్నం పాఠాలు చెబుతుంటే మగ్గాల చప్పుడు క్లాసులోకి వినిపించేది. ఆ వీధిలో మొదటి ఇంటాయన నాకు స్నేహితుడు. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను "అన్నా" అనేవాణ్ణి, ఆయన నన్ను "సారూ" అనేవాడు. తిండి గంటలో వాళ్ళ అరుగు మీద కూర్చుని నా టిఫిను డబ్బా విప్పుకుంటే ఆయన భార్య మజ్జిగ తెచ్చిచ్చేది. ఆమె రాట్నం దగ్గర కండెలు చుట్టేది, ఆయన గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని నేసేవాడు. మాట తక్కువ మనిషి. ఏదైనా చెప్పదలచుకుంటే మగ్గం ఆపి, చెప్పి, మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఆయనకు ఒకే ఒక్క దిగులుండేది. ఆయన తండ్రి చీరకు కోటకొమ్మ అంచు నేసేవాడట. కోట బురుజుల్లాగా అంచు రంగు చీర రంగులోకి పళ్ళు పళ్ళుగా చొచ్చుకుపోయే నేత అది. రెండు రంగులూ కలిసే చోట దారాలను ముడేసి కలపాలి. ఆ కలపడంలోనే ఉంది విద్యంతా. మిగతావాళ్ళు నేసింది తిరగేసి చేత్తో రాస్తే గరుకు తగులుతుంది. ఈయన తండ్రి నేసింది రెండు వైపులా ఒకేలా నున్నగా ఉండేదట. ఈయనకు పన్నెండేళ్ళప్పుడు ఆ తండ్రి జ్వరంతో పోయాడు. కొడుకుకు మామూలు నేత నేర్పాడు గానీ ఆ కలిపే పద్ధతి నేర్పేంత వ్యవధి లేకపోయింది. ఇంట్లో ఆ చీర ఒక్కటి కూడా మిగల్లేదు. అమ్ముకున్నవన్నీ ఎక్కడెక్కడో చిరిగిపోయి ఉంటాయి.

"ఇరవై ఏండ్లు అయిపాయ సారూ, ఎట్ల కలిపినా ఆ గరుకు పోదు. నాయన నేసింది ఒగటి కండ్లతో సూస్తే సాలు, దారం యాడ తిప్పినాడో కనుక్కుంటా" అనేవాడు.

ఎనభైల్లో ఒక రోజు చేనేత శాఖ అధికారి ఒకాయన ఆ వీధికి వచ్చాడు. ఆయన చేతిలో విదేశాల్లో అచ్చేసిన లావుపాటి పుస్తకం ఒకటుంది. మన దేశపు బట్టల బొమ్మలున్న పుస్తకం. తిండి గంట కాబట్టి నేనూ అరుగు మీదే ఉన్నాను. పేజీలు తిప్పుతుంటే ఒక చోట మా అన్న చెయ్యి అడ్డం పెట్టాడు. నలుపు తెలుపు బొమ్మ. చీర కొంగు, దాని మీద చిలకల వరస, పక్కన కోటకొమ్మ అంచు. వరసలో చివరి చిలక మాత్రం తల వెనక్కి తిప్పి చూస్తోంది.

"ఇది మా నాయన గుర్తు. ఆఖరి సిలక ఒగటి యనక్కి తిప్పుతాండె. ఇంగెవరూ అట్ల నేయరు" అన్నాడు.

బొమ్మ కింద సన్నని అక్షరాలు నేను చదివాను. "నూలు చీర, ఆదోని, బళ్ళారి జిల్లా." మేము బళ్ళారి జిల్లాలో ఉన్న రోజుల నాటి చీర అన్నమాట. దొరలెవరో ఆదోని పత్తి మార్కెట్టుకు వచ్చినప్పుడు కొనుక్కుపోయి ఉంటారు. ఇప్పుడు అది పారిస్‌లో ఒక మ్యూజియంలో ఉందని కూడా అక్కడే రాసి ఉంది. అధికారి పుస్తకం మూసుకుని వెళ్ళిపోయాడు. మా అన్న ఆ పూట మళ్ళీ మగ్గంలో కూర్చోలేదు.

ఆ తర్వాత ఏడాదికి జరిగింది అసలు వింత. పారిస్‌లో మన దేశపు చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారని, అక్కడ జనం ముందు కూర్చుని నేసి చూపించడానికి నేతగాళ్ళు కావాలని ప్రభుత్వం కబురు పెట్టింది. జిల్లా నుంచి మా అన్న పేరు వెళ్ళింది. కాగితం వచ్చిన రోజు ఆయన బడికే వచ్చాడు, జీవితంలో మొదటిసారి. స్టాఫ్‌రూం గుమ్మంలో నిలబడి కాగితం నా చేతికిచ్చాడు.

"నన్ను పారీసుకు పంపిస్తాండారు సారూ. నాయన సీర ఆ ఊర్లోనే ఉంది కదా. ఒక గంట దాని ముందర నిలబడొస్తా. ఎట్ల పోయేదో, ఎప్పుడు పోయేదో మీరే రాసియ్యల్ల" అన్నాడు.

అంతకంటే ఏం కావాలి నాకు? ఆ రోజే ఆ దేశపు రాయబార కార్యాలయానికి నా మంచి ఇంగ్లీషంతా వొలకబోసి ఉత్తరం రాశాను. మూడు వారాలకు ఒక కట్ట వచ్చింది. సందర్శకుల కోసం అచ్చేసిన కరపత్రాలు, పటాలు, నున్నటి కాగితం. అది విప్పిన సాయంత్రం నేను అన్నం తినడం కూడా మరిచిపోయాను. ఒక్కో చోటుకూ ఒక్కో టైము. పదింటికి కాదు, పదిన్నరకు కాదు, తొమ్మిదిముక్కాలుకు తెరుస్తారట! మూసేది ఐదుంబావుకు. ఐదింటికి ఇంకెవరినీ లోపలికి రానివ్వరట. ముక్కాలూ, పావూ కూడా లెక్కలో ఉన్న ఊరు ఒకటి భూమ్మీద ఉందని తెలిసి నేను ఆ ఊరిని ప్రేమించాను. అంతకు తక్కువ మాట లేదు.

అక్కడ మ్యూజియాలకు మంగళవారం సెలవు. ఆదోనిలో మంగళవారం క్షవరం షాపులు మూస్తారు, పారిస్‌లో మ్యూజియాలు మూస్తారు అని స్టాఫ్‌రూంలో చెప్పి అందరినీ నవ్వించాను. ఆ సెలవును కనిపెట్టిన నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇంకొకడైతే చూసుకోకుండా మంగళవారం పంపేవాడు కదా అనుకున్నాను.

మా అన్నకూ అక్కడ ఒక టైముంది. ప్రభుత్వ కాగితంలో స్పష్టంగా రాశారు. ప్రదర్శన పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరున్నర దాకా. అంతసేపూ ఆయన మగ్గంలో కూర్చోవాలి, జనం వచ్చి చూస్తారు. ఉన్న రెండు వారాల్లో ఒక్కొక్కరికి ఒక్క రోజు సెలవు. ఏ రోజు కావాలో అక్కడికి పోయాక ముందుగా చెప్పుకోవాలి. అంటే మ్యూజియం తెరిచి ఉండే గంటల్లో ఆయన పనిలో ఉంటాడు, పని లేని గంటల్లో మ్యూజియం మూసి ఉంటుంది. ఆ ఒక్క సెలవు రోజే దిక్కు.

నెల రోజులు కూర్చుని నోటుబుక్కు రాశాను. గుండ్రటి చేతిరాత, ఎర్రసిరా శీర్షికలు, స్కేలు పెట్టి గీసిన గళ్ళు. సాయంత్రాలు చూడగలిగినవి ఒక పేజీ. రాత్రి దాకా తెరిచి ఉండే ఇనప గోపురం, పొద్దుగూకేదాకా తెరిచి ఉండే తోటలు, ఏడింటి దాకా తెరిచి ఉండే పెద్ద చర్చి. మ్యూజియానికి మాత్రం పేజీ మొత్తం ఇచ్చాను. ఎక్కడ రైలెక్కాలి, ఎన్నో స్టేషన్లో దిగాలి, ఏ చేతివైపు తిరగాలి. దారిలో ఎవరికైనా చూపించడానికి చిరునామా ఆ భాషలోనే అక్షరం అక్షరం దించి రాశాను.

రోజులకు మాత్రం పేర్లు పెట్టలేదు, అంకెలు వేశాను. రైలు, బొంబాయి, విమానం, అక్కడి టైముకూ మన టైముకూ తేడా, వీటన్నిటితో వారాలు చెప్తే ఆయన తికమక పడతాడని నా ఉద్దేశం. అందుకని మొదటి పేజీలోనే రాశాను: "ఇంటి గడప దాటిన రోజు ఒకటో రోజు. అక్కడి నుంచి వరసగా లెక్కపెట్టుకోవాలి." ఆయన ఆదివారం ఆదోనిలో రైలెక్కాలి. అది ఒకటి. అలా లెక్కేస్తే మరుసటి వారం బుధవారం పదకొండో రోజు. మంగళవారపు గండం గడిచిపోతుంది, ఇక దాని మాట ఆయనకు చెప్పడం ఎందుకనుకున్నాను. పదకొండో రోజు గడిలో ఎర్రసిరాతో రాశాను: "సెలవు. మ్యూజియం. తొమ్మిదిముక్కాలు నుంచి ఐదుంబావు వరకు."

అరుగు మీద కూర్చుని నోటుబుక్కంతా చదివి వినిపించాను. వీధిలో నలుగురూ చేరారు. ఆయన తల ఊపుతూ విన్నాడు. చివర్లో మెల్లగా అడిగాడు.

"సారూ, పక్కన వారం పేరు గూడా రాస్తే బాగుంటాదేమో. నాకు సంతకు సంతకు లెక్క అలవాటు."

నలుగురి ముందు నా పనికి వంక పెట్టినట్టు అనిపించింది. కోపం వచ్చేసింది.

"అక్కడ నీకు సంతలుండవన్నా. వారాలతో నీకేం పని? అదంతా నేను లెక్కేసే పెట్టాను. నువ్వు అంకె చూసుకుని పో, చాలు" అన్నాను.

"సరే సారూ" అన్నాడు. ఒక పెన్ను గీతతో అయిపోయే పని. ఏడే పేర్లు. అవి రాయడానికి నాకు రెండు నిమిషాలు పట్టేది కాదు. ఈ రోజుకీ ఆ రెండు నిమిషాలు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

శనివారం మాకు ఒంటిపూట బడి. నేను మధ్యాహ్నం బస్సుకే ఆదోని వెళ్ళిపోయాను. ఆదివారం స్టేషన్‌కు వెళ్ళి ఆయన్ను రైలెక్కించాను. కొత్త పంచె, ఎవరిదో ఉన్ని కోటు, చంకలో మూట, చొక్కా జేబులో నా నోటుబుక్కు. నా చేతిగడియారం విప్పి ఆయన చేతికి కట్టాను. అక్కడి టైముకు ముల్లు ఎలా తిప్పుకోవాలో చూపించాను. రైలు కదిలేటప్పుడు ఆయన కిటికీలోంచి నాకు రెండు చేతులూ జోడించాడు. ప్లాట్‌ఫారం మీద నలుగురూ చూస్తుండగా అది జరిగినందుకు నాకు సంతోషంగా ఉండింది.

మూడు వారాలకు తిరిగొచ్చాడు. కబురు తెలియగానే బడి గంట కూడా చూసుకోకుండా పరుగెత్తాను. మనిషి కాస్త చిక్కాడు. అరుగు మీద నన్ను కూర్చోబెట్టి గడియారం తీసి నా చేతిలో పెట్టాడు. నేను అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? చీర చూశావా అని కాదు.

"అన్నా, సరిగ్గా తొమ్మిదిముక్కాలుకే తెరిచారా?"

ఆయన నా మొహంలోకి చూశాడు.

"తెరిసినారు సారూ. మీరు రాసినట్లే" అన్నాడు.

"చీర కనబడిందా?"

"కనపడింది. సిలక అట్లే ఉంది."

"రంగేమిటి మరి? పుస్తకంలో తెలియలేదు కదా."

"ఎరుపు" అన్నాడు. ఆయన భార్య మజ్జిగ తెచ్చిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. అలిసిపోయి ఉన్నాడు కాబట్టి ముక్తసరిగా చెబుతున్నాడనుకున్నాను. నాకు కావలసిన జవాబు మొదటి ప్రశ్నకే దొరికింది.

ఆ తర్వాత మూడేళ్ళు నేను ఆ కథ చెప్పని రోజు లేదు. కొత్త క్లాసు వస్తే చాలు, టైముకు విలువ ఇచ్చే దేశాల గురించి మొదలుపెట్టి, ఇంగ్లీషు అక్షరమ్ముక్క రాని నేతగాడు నా నోటుబుక్కు పట్టుకుని పారిస్‌లో ఎవరినీ ఏమీ అడక్కుండా వెళ్ళి తండ్రి చీర చూసొచ్చిన వైనంతో ముగించేవాణ్ణి. బస్టాండులో కంట్రోలరుకు కూడా చెప్పాను. కర్నూలులో జరిగిన ఉపాధ్యాయుల సమావేశంలో లేచి నిలబడి మరీ చెప్పాను. చప్పట్లు కొట్టారు.

ఒక్కటి మాత్రం నాకు అర్థమయ్యేది కాదు. చూసొచ్చినవాడు ఆ అంచు నేయాలి కదా? ఆయన నేయలేదు. మామూలు గళ్ళ దుప్పట్లు, పంచెలు, అంతే. మొదటి ఏడాది అడిగితే "పడుగు సరిపోలేదు సారూ" అన్నాడు. రెండో ఏడాది "కండ్లు ఆనవు" అన్నాడు. ఒకసారి వీధిలో పదిమంది ఉండగా నేను నోరు జారాను.

"ప్రభుత్వం అంత దూరం పంపిస్తే, నేను నెల రోజులు కళ్ళు పోగొట్టుకుని రాసిస్తే, కళ్ళారా చూసొచ్చి కూడా ఒక్క అంచు నేయలేకపోయావు. ఇది బద్ధకం కాకపోతే ఏమిటన్నా?"

ఆయన తల దించుకుని "అవు సారూ" అన్నాడు. పదిమందీ విన్నారు. బద్ధకస్తుడని ఆ వీధిలో ఆయన్ను అన్నవాణ్ణి నేనొక్కణ్ణే. పొద్దు పొడవకముందే మగ్గంలో కూర్చునే మనిషిని.

మూడో ఏడాది ఎండాకాలం సెలవులకు ముందు ఒక మధ్యాహ్నం వెళ్ళేసరికి ఆయన భార్య గుమ్మంలో కూర్చుని ఒక మూట కడుతోంది. కొత్త గుడ్డకు నాలుగు మూలలా పసుపు, లోపల బియ్యం, కొబ్బరికాయ, ఒక జత బట్టలు. ఎవరిదని అడిగాను. ఆమె చెల్లెలు శుక్రవారం హుబ్లీకి ప్రయాణమట. మాకు హుబ్లీ పడమర, శుక్రవారం పడమరకు శూల, ఆ దిక్కుకు ఇల్లు కదలకూడదు. అందుకని గురువారమే మూట తీసుకుని గడప దాటి పక్కింట్లో ఉండి, శుక్రవారం అక్కడి నుంచే బస్సెక్కుతుందట.

"ప్రస్థానం పెడుతున్నారన్నమాట" అని నవ్వాను. ఇలాంటివంటే నాకు చులకన.

"నగుతారేమి సారూ. ఆదివారం గూడా పడమరకు శూలే కదా. ఆయప్ప పారీసుకు పోయినప్పుడు నేనే శనివారం పొద్దున గడప దాటించినా. ఆ పగలూ రేయీ ఇంట్లోకి రానియ్యల్యా. నేతోళ్ళ సొసైటీ అరుగు మీదనే పండుకున్యాడు. అంత దూరం పోయేటోన్ని శూలకు ఎదురు ఎట్ల పంపేది?" అంది.

శనివారం. గడప దాటిన రోజు. నేను నిలబడ్డ చోటే వేళ్ళు ముడిచాను. శనివారం ఒకటి, ఆదివారం రెండు, సోమవారం మూడు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. పదకొండు మంగళవారం మీద పడింది.

లోపలికి వెళ్ళాను. ఆయన నేస్తున్నాడు.

"అన్నా, నువ్వు మ్యూజియంకు పోయింది ఏ వారం?"

మగ్గం ఆపాడు. నా మొహం చూసి ఆయనకు అర్థమైపోయింది.

"మంగళారం సారూ."

"మూసి ఉందా?"

"మూసే ఉండె" అన్నాడు. తర్వాత, ఎన్నడూ అంత మాట్లాడని మనిషి, పడుగు మీద చేతులు పెట్టుకుని చెప్పాడు. "తొమ్మిదిన్నరకే పోయి గేటు ముందర నిలబడితి. తొమ్మిదిముక్కాలు అయ్యె. తెరవల్యా. రోంత ఆలిస్యమేమోలే అనుకొంటి. గేటుకు ఏందో పలక తగిలిచ్చి ఉండె, నాకు యాడ సదివేకొస్తాది? ఒకాయప్ప వచ్చి సెయ్యి అడ్డంగా ఊపి ఏందో సెప్పి పాయ. మీ బుక్కు తీసి సూసుకొంటి. పదకొండో రోజు, తొమ్మిదిముక్కాలు నుంచి ఐదుంబావు వరకు అనే ఉంది. సారు రాసినాడు కదా, తెరుస్తారులే అని ఆడనే కూసుంటి."

"ఎంతసేపు?"

"ఐదుంబావు దాకా సారూ. నడుమ వానొచ్చె, గోడ వారన నిలబడితి. గడియారం సూసుకుంటానే ఉంటి. ఐదుంబావు అయినాక, ఇంగ మీ బుక్కు ప్రకారం మూసే యాళ అయ్యింది కదా అని లేసొస్తి."

"మర్నాడు పోలేకపోయావా?"

"ఒగటే కదా సారూ సెలవు. మర్నాడు మగ్గంలో కూసున్యా."

ఎనిమిది గంటలు. ఆ గోడకు అవతలే ఎక్కడో ఆయన తండ్రి చీర ఉంది. మధ్యలో నేను రాసిన కాగితం ఉంది. నాకు ఏడుపు వచ్చింది, కానీ నేను ఏడవలేదు. దానికి బదులు అడగకూడని మాట అడిగాను.

"మరి చూశానని నాకెందుకు చెప్పావు?"

"వచ్చీరాంగానే టైముకు తెరిసినారా అని అడిగితిరి. మీ మొగంలో అంత సంబరం. నెల దినాలు కూసోని రాసినారు. ల్యాదని ఎట్ల సెప్పేది?" అన్నాడు. మళ్ళీ తనే అడిగాడు. "ఒగటి మాత్రం ఇప్పటికీ నాకు తెలీదు సారూ. ఆ పొద్దు వాండ్లు ఎందుకు తెరవల్యా?"

మూడేళ్ళుగా ఆయన ఆ ప్రశ్నను ఎవరి మీదా పెట్టకుండా మోస్తున్నాడు. జవాబు నా దగ్గర ఉంది. నువ్వు వారం పేరు రాయమన్నావు, నేను రాయలేదు, అంతే జవాబు. నేను అది చెప్పలేదు. ఏళ్ళ తరబడి పిల్లల నోటుబుక్కుల్లో తప్పులు దిద్దిన నోరు కదా, దిద్దడానికే తెరుచుకుంది.

"అక్కడ మంగళవారం సెలవు. నువ్వు బుధవారం పోవాలి. లెక్క ఆదివారం నుంచి మొదలుపెట్టాలి గానీ శనివారం నుంచి కాదు" అన్నాను.

"గడప దాటిన రోజు అని రాసినారు కదా సారూ?"

"గడప దాటడమంటే రైలెక్కడమని. ప్రస్థానం లెక్కలోకి రాదన్నా."

ఆయన వేళ్ళు ముడుచుకుంటూ రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి వింటోంది. చేతిలో ఉన్న మూట ఆమె మెల్లగా కింద పెట్టింది.

"అట్లనా" అన్నాడు. "అయితే నేనే లెక్క తప్పితి."

నేను కాదనలేదు. బడి గంట కొట్టారు, వెళ్ళిపోయాను. బస్సులో ఆదోని వచ్చేదాకా రేపు వెళ్ళి చెబుదాం, తప్పు నాదని ఒక్క మాట చెబుదాం అని మనసులో వాక్యాలు కూర్చుకున్నాను. రేపు అన్నది నాకు ఎప్పుడూ తేలికే.

మర్నాడు నేను వెళ్ళేలోపే ఆయన బడికి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. స్టాఫ్‌రూంలో ఆరేడుగురం ఉన్నాం. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చి నా కుర్చీ ముందు నిలబడ్డాడు.

"మీరు అంత కష్టపడి రాసిచ్చింది నేను పాడు సేసినా సారూ" అన్నాడు. "మూడేండ్లు మీకు అబద్ధం గూడా సెప్పినా. మనసులో పెట్టుకోవద్దండి."

అందరూ నా వైపు చూస్తున్నారు.

"పోనీలే అన్నా" అన్నాను.